ఈ సందేహం ఎవరిది?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేవాళ్లను కాసేపు గమనించండి. రోజూ తిరిగేవాళ్లు తలెత్తకుండానే తమ దారిన పోతారు. కోచింగ్ కోసం ఏ జిల్లా నుంచో కొత్తగా దిగిన కుర్రాడు మాత్రం మెట్ల కిందే ఆగిపోతాడు. వీపున ఒక బ్యాగు, చేతిలో ఇంకోటి. ఫోన్ తీస్తాడు. నాలుగడుగులు వేస్తాడు, ఫోన్ చూస్తాడు, వెనక్కి తిరుగుతాడు, మళ్లీ ఫోన్ చూస్తాడు. హాస్టల్‌కు ఏడు నిమిషాల నడక అని స్క్రీన్ మీద ఉంది. అందులో మొదటి నిమిషం అక్కడే అయిపోతుంది. అతను ఇంకా ఏ దారీ తప్పలేదు, ఎక్కడికీ పోలేదు. అయినా మొహం మీద చెమట.

మ్యాప్ చూసుకుంటూ నడిచేవాళ్ల మనసు పది నిమిషాల్లో నాలుగైదు రంగులు మారుతుంది. బయల్దేరేముందు ధీమా, మొదటి అడుగుకే కంగారు, దారి కుదిరాక ఒకలాంటి మొద్దుతనం, మలుపు తప్పితే సిగ్గు, ఇల్లు దగ్గరపడ్డాక చిరాకు. వీటన్నిటినీ ‘నాకు దారులు గుర్తుండవండీ’ అనే ఒక్క మాటలో చుట్టేసి, అదేదో పుట్టుకతో వచ్చిన లోపమన్నట్టు చెప్పుకునేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. ఆ కంగారులో పెద్ద వాటా ఫోన్‌ది. ఫోన్‌కు సందేహం వచ్చినప్పుడల్లా దాన్ని మన చేతగానితనం కింద రాసేసుకుంటున్నాం. అందుకే ఈ అధ్యాయంలో అలవాటు చేసుకోవాల్సింది ఒక్క ప్రశ్న: గుండె దడ మొదలైనప్పుడు, ఈ సందేహం ఎవరిది? నాదా, ఫోన్‌దా?

మెట్ల కింద నిమిషం

ఫోన్‌కు సందేహం ఎందుకొస్తుందో ముందు తెలియాలి. మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటి సంకేతాలు ఎంత సేపటికి అందాయన్న లెక్కతోనే ఫోన్ మన చోటు పట్టుకుంటుంది. పైన ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు ఫోన్ కూడా దాదాపు 5 మీటర్ల తేడాలో చెప్పేస్తుంది. మెట్రో వంతెన కింద, ఐదారంతస్తుల భవనాల మధ్య ఆ తెరిపి ఏదీ? సంకేతం గోడలకు తగిలి, అటూ ఇటూ తిరిగి, కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని ఫోన్ దూరమనుకుంటుంది. మీరు మెయిన్ రోడ్డు మీదే ఉంటారు, నీలి చుక్క పక్క సందులోకి దూకుతుంది.

ఎటు తిరిగి ఉన్నామన్నది ఇంకో చిక్కు. బండి మీద పోతున్నప్పుడు చుక్క ఎటు కదిలితే అదే దిక్కు. నిలబడిన మనిషి దగ్గర ఆ ఆధారం లేదు. అప్పుడు ఫోన్ తనలోని దిక్సూచిని నమ్ముకోవాలి, ఆ దిక్సూచేమో చుట్టూ ఉన్న ఇనుముకు, కరెంటుకు చెదిరిపోతుంది. మెట్ల రెయిలింగ్, ఆగి ఉన్న బస్సు, ట్రాన్స్‌ఫార్మర్, చివరికి అయస్కాంతమున్న ఫోన్ కవరు కూడా చాలు. అంటే మనకు సాయం బాగా అవసరమైన ఆ మొదటి నిమిషంలోనే ఫోన్ బాగా తడబడుతుంది. కంగారు అక్కడే ఎక్కువగా ఉండటానికి మూలం ఇదే.

నిజానికి ఫోన్ తన సందేహాన్ని దాచుకోదు. చుక్క చుట్టూ లేత నీలి వలయం పెద్దదైందంటే ‘ఈ వలయంలో ఎక్కడో ఉన్నారు, సరిగ్గా ఎక్కడో తెలియట్లేదు’ అని అర్థం. చుక్క ముందు టార్చి వెలుగులా పడే నీలి నీడ వెడల్పయితే ‘ఎటు తిరిగి ఉన్నారో తెలియట్లేదు’ అని. ఇంత మర్యాదగా ఒప్పుకుంటుంటే మనం అది చదవం. గీతను చూస్తాం, మనల్ని చూసుకుంటాం, తప్పు మనదే అనుకుంటాం.

తెలియకపోవడం మనిషిని ఎంత పీడిస్తుందో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగంలో చూపించారు. 45 మందిని కంప్యూటర్ ఆటకు కూర్చోబెట్టారు. రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి చురుక్కుమనేలా కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పుడు వాళ్ల ఒత్తిడి మరీ ఎక్కువగా లేదు. తగలొచ్చు, తగలకపోవచ్చు, సగానికి సగం అన్నప్పుడే ఒత్తిడి తారస్థాయికి చేరింది. కుడికా ఎడమకా అని మెట్ల కింద నిలబడ్డ కుర్రాడి పరిస్థితి సరిగ్గా అదే. తప్పు దారిలో పది నిమిషాలు నడిచేవాడు అంత నలిగిపోడు.

కాబట్టి చేయాల్సిన పని ఆ సగం-సగాన్ని త్వరగా తెంచడం. నిలబడిన చోటే గుండ్రంగా తిరుగుతూ ఉండొద్దు. ఏదో ఒక వైపు ఎంచుకుని, రెయిలింగ్‌కు దూరంగా, ముప్పై నలభై అడుగులు తిన్నగా నడవండి. చుక్క కదిలిన వైపు చూస్తే దిక్కు తేలిపోతుంది. తప్పైతే పోయేది ముప్పై అడుగులే. దిక్సూచి మరీ మొండికేస్తే ఫోన్‌ను గాల్లో 8 అంకె గీసినట్టు రెండు మూడుసార్లు తిప్పితే సర్దుకుంటుంది. పక్కవాళ్లు వింతగా చూస్తారన్న బెంగ వద్దు, దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇంకా మంచిది, ఈ పని రైల్లో కూర్చుని ఉండగానే చేయడం. నేను దిగాల్సింది రోడ్డుకు ఏ పక్క? ఏ నంబరు ద్వారం? దిగగానే కనిపించాల్సిన పెద్ద బోర్డు ఏది? ఈ మూడింటికి సమాధానం తెలిస్తే ఆ నిమిషం అసలు రాదు. కెమెరా ఎత్తి చుట్టూ చూపిస్తే వీధి మీదే బాణాలు గీసి చూపే సదుపాయం కూడా గూగుల్ మ్యాప్స్‌లో 2019 నుంచి వచ్చింది. పనికొచ్చేదే. కాకపోతే అమీర్‌పేట జనంలో సాయంత్రం ఆరింటికి ఫోన్ మొహం ముందు ఎత్తి పట్టుకుని నిలబడటానికి వేరే ధైర్యం కావాలి.

అరువు ప్రశాంతత

దారి కుదిరింది. చుక్క గీత మీద బుద్ధిగా పోతోంది. అప్పుడు మనసుకు ఏమవుతుంది? ఏమీ కాదు. చాలామంది దీన్ని ప్రశాంతత అనుకుంటారు. నాకు దీని మీద నమ్మకం తక్కువ.

అదే లండన్ కాలేజీకి చెందిన హ్యూగో స్పియర్స్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో 24 మంది సోహో వీధుల వీడియోల్లో దారి వెతికారు, వాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. తామే దారి వెతుక్కుంటున్నప్పుడు, కొత్త వీధి మొదట్లో, ముందు నాలుగు దారులు చీలే చోట మెదడులోని హిప్పోక్యాంపస్ చురుగ్గా లేచింది. దారుల జ్ఞాపకం నిలిచే చోటు అది. ‘ఎడమకు తిరగండి, కుడికి తిరగండి’ అనే ఆదేశాలు వింటూ పోయినప్పుడు ఆ కదలిక లేదు.

అంతకుముందే, 2008లో, జపాన్ పరిశోధకులు మనుషుల్ని నిజం వీధుల్లో నడిపించి చూశారు. కొందరికి జీపీఎస్ ఇచ్చారు, కొందరికి కాగితం మ్యాపు, కొందరికి ముందే ఒకసారి దారి వెంట తీసుకెళ్లి చూపించారు. జీపీఎస్ పట్టుకున్నవాళ్లు మిగతా వాళ్లకంటే ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇంకో ఫలితం. ఒకసారి దారి చూసొచ్చినవాళ్లతో పోలిస్తే, దారి వెతకడం కష్టంగా ఉందని చెప్పింది కూడా వీళ్లే. చేతిలో అన్నీ చెప్పే యంత్రం ఉంది, అయినా కష్టంగా ఉంది!

ఎందుకంటే ఆ ప్రశాంతత అరువుది. ఫోన్ సరిగ్గా ఉన్నంతసేపే ఉంటుంది. చుక్క ఒక్కసారి ఊగగానే, ఛార్జింగ్ పది శాతానికి రాగానే, నెట్ పోగానే, కింద కాలు పెట్టుకోవడానికి మన సొంత నేల ఏదీ ఉండదు. అప్పటిదాకా లేని భయం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. (ఛార్జింగ్, నెట్ సంగతి సులువే: బయల్దేరేముందు ఆ ప్రాంతం మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, రూటు స్క్రీన్‌షాట్ ఒకటి తీసి పెట్టుకోండి.)

సొంత నేలంటే ఆనవాళ్లు. నగరం మనిషి మనసులో ఎలా బొమ్మ కడుతుందో పరిశీలించి కెవిన్ లించ్ 1960లో రాసిన పుస్తకంలో దారులతో పాటు ఆనవాళ్లకు పెద్దపీట వేశాడు. మనవాళ్లకు అది పుస్తకం చదివి నేర్చుకోవాల్సిన విషయం కాదు. ‘సత్యం థియేటర్ పక్క సందు’ అని అమీర్‌పేటలో ఇప్పటికీ చెబుతారు. ఆ థియేటర్ ఎప్పుడో పోయింది, అక్కడ 2023లో మల్టీప్లెక్స్ తెరిచారు. అయినా పేరు దారి చూపిస్తూనే ఉంది. మన దేశంలో వీధి పేర్లతో పని జరగదని గ్రహించి గూగుల్ కూడా 2009లోనే ఇక్కడి దారుల్లో పెట్రోలు బంకు, గుడి, బడి లాంటి గుర్తులు చేర్చడం మొదలుపెట్టింది.

‘నలభై మీటర్ల తర్వాత ఎడమకు’ అంటే కాళ్లకు అర్థం కాదు. నలభై మీటర్లంటే మామూలు నడకలో యాభై అయిదు, అరవై అడుగులు. వంద మీటర్లంటే నూట ముప్పై, నూట నలభై. ఈ లెక్క ఒకసారి మీ అడుగులతో సరిచూసుకోండి, ఆ తర్వాత ఫోన్ మాట మీ కాళ్ల భాషలో వినిపిస్తుంది. దానికి తోడు, బయల్దేరేముందు రూటు మీద మూడు ఆనవాళ్లు ఎంచుకోండి: బ్యాంకు, ఫంక్షన్ హాలు, నాలుగు రోడ్ల కూడలి, ఏదైనా సరే. ఫోన్ జేబులో పెట్టి మొదటి ఆనవాలు దాకా నడవండి. అది కనపడగానే ‘ఆఁ, సరిగ్గానే వస్తున్నా’ అనే చిన్న ఊరట వస్తుంది. ఆ ఊరట మీ సొంతం. ఫోన్ ఇచ్చింది కాదు, కాబట్టి ఫోన్ తీసుకుపోలేదు.

ఇంకో చిన్న పని: ప్రతి మలుపు దగ్గర తిరిగిన తర్వాత ఒక్కసారి వెనక్కి చూడండి. తిరుగు దారి వచ్చిన దారిలా కనిపించదు. ఎడమనున్న గుడి కుడికొస్తుంది, బోర్డుల వెనక వైపులు కనిపిస్తాయి. చాలామంది వెళ్లేటప్పుడు తప్పరు, వచ్చేటప్పుడు తప్పుతారు.

“ఎవర్నన్నా అడగరా!”

మలుపు తప్పినప్పుడు ఫోన్ తిట్టదు, కొత్త గీత గీస్తుంది. తిట్టుకునేది మనం. రద్దీ రోడ్డు మీద ఉన్నట్టుండి వెనక్కి తిరగడానికి మనుషులు పడే అవస్థ చూడాలి. కొందరు జేబులు తడుముకుంటారు, ఏదో మర్చిపోయినట్టు. కొందరు రాని ఫోన్ ఎత్తి ‘ఆఁ, ఆఁ, వస్తున్నా’ అంటూ తిరుగుతారు. ఎవరో చూసి నవ్వుతారని.

ఎవరూ చూడరు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్, సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు వేసుకోవడానికి నామోషీ అనిపించే బొమ్మున్న టీషర్టు తొడిగి తోటివాళ్లున్న గదిలోకి పంపారు. సగం మందైనా గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది దాదాపు నాలుగో వంతు. ఒక గదిలో, ఎదురుగా కూర్చున్నవాళ్ల సంగతే అది. రోడ్డు మీద ఎవరి ఫోన్‌లో వాళ్లున్నారు. నిర్భయంగా వెనక్కి తిరగండి.

ఇద్దరు కలిసి నడిచేటప్పుడు కథ ఇంకోలా ఉంటుంది. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం వెతుకుతున్న తల్లీకొడుకులను ఊహించుకోండి.

“ఒరేయ్, ఎవర్నన్నా అడగరా! ఇందాకట్నుంచీ ఇక్కడే తిరుగుతున్నాం.”

“మ్యాప్ ఉంది కదమ్మా! రెండు నిమిషాలే చూపిస్తోంది.”

“పావుగంట నుంచీ ఆ రెండు నిమిషాలే చెప్తున్నావు.”

“అబ్బా, కాసేపు మాట్లాడకు!”

ఇక్కడ దుకాణం మీద కోపం ఎవరికీ లేదు. చుక్క ఊగడం కొడుకు ఒక్కడికే కనపడుతోంది. అమ్మకు కనపడుతున్నది కొడుకు తడబాటు మాత్రమే. ఫోన్ సందేహం అతని మొహంలోకి, అక్కడి నుంచి ఆమె గొంతులోకి, మళ్లీ అతని కసురులోకి చేరింది. భార్యాభర్తల మధ్య కొత్త ఊళ్లలో జరిగే గొడవల్లో ఇలా చేతులు మారిన సందేహం ఎంత ఉంటుందో! ఫోన్ పట్టుకున్నవాళ్లు చేయాల్సింది, సందేహాన్ని బయటికి చెప్పడం: “చుక్క నిలవట్లేదమ్మా, ఒక్క నిమిషం ఆగుదాం” అంటే చాలు. తప్పు ఎక్కడుందో ఇద్దరికీ తెలుస్తుంది. నడిచే రెండో మనిషికీ ఒక పని అప్పగించండి, బోర్డులు చదవడం, ఆనవాళ్లు వెతకడం. పనిలేని కళ్లు పక్కవాడి తప్పులే వెతుకుతాయి.

అన్నట్టు, అమ్మ చెప్పిందే నయం. అడగడాన్ని ఓటమి అనుకునే రోగం మ్యాపుల తర్వాతే ముదిరింది. కాకపోతే అడగడంలోనూ ఒడుపుంది. ‘బడీచౌడీకి ఇదేనా దారి?’ అంటే మనవాళ్లలో చాలామంది మాట కాదనలేక అవునంటారు. ‘బడీచౌడీ ఎటండీ?’ అనండి, అవతలి మనిషి ఆలోచించాల్సి వస్తుంది. చెప్తూ చెప్తూ చేయి గాల్లో తిప్పి ‘అట్లా పోయి అడగండి’ అన్నారంటే తెలియదని అర్థం, దండం పెట్టి ముందుకెళ్లండి. ఇస్త్రీ బండి అతను, మందుల షాపు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లు, వీళ్ల మాట బాగా నమ్మొచ్చు. వీళ్లకు ఇళ్లు పేర్లతో సహా తెలుసు.

గోడ ముందు ‘చేరుకున్నారు’

చివరి యాభై మీటర్లలో వచ్చే చిరాకు వేరే జాతిది. ‘మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు’ అంటుంది గొంతు, ఎదురుగా కాంపౌండ్ గోడ. దూరంగా ఉన్నప్పుడు ఓపిక పట్టిన మనిషి దగ్గరికొచ్చాక పట్టలేడు. అందుకే రెండు కిలోమీటర్ల నడకలో రాని కోపం ఈ రెండు నిమిషాల్లో వస్తుంది.

ఇక్కడ సందేహం ఎవరిది? చాలాసార్లు అడ్రసుది. పిన్ భవనం మధ్యలో ఉంటుంది, గేటు వెనక రోడ్డులో ఉంటుంది. హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు, అడ్డగీతలూ ‘బై’లూ పేరుకున్నవి, ఒక సందులో వరసగా ఉంటాయన్న భరోసా లేదు. ‘ఫలానాదాని ఎదురుగా’ అని రాస్తే ఫోన్ ఆ ఫలానాదాని దగ్గరకే తీసుకెళ్లి వదిలేస్తుంది. ఈ చోట మ్యాపును ఇంకా ఇంకా పెద్దది చేసి చూడటం వృథా. ఆపేసి, మీరు వెళ్లాల్సిన ఇంటివాళ్లకు ఫోన్ చేయండి.

మీ ఇంటికి ఎవరైనా వస్తున్నప్పుడు ఈ బాధ వాళ్లకు తప్పించడం మీ చేతుల్లో ఉంది. బెడ్‌రూంలో పడుకుని లొకేషన్ పంపొద్దు. నాలుగు గోడల మధ్య ఫోన్‌కు తానెక్కడుందో సరిగ్గా తెలియదు, పక్క వీధి పంపినా పంపుతుంది. గేటు బయటికొచ్చి, నీలి వలయం చిన్నదయ్యేదాకా ఆగి, అప్పుడు పంపండి. దాంతో పాటు ఒక్క వాక్యం: గేటు ఏ రంగు, కింద ఏ షాపు ఉంది.

ఫోన్‌కు అనుమానమే లేనప్పుడు

ఇప్పటిదాకా ఫోన్ సందేహాన్ని మీ మీద వేసుకోవద్దన్నాను. దీనికి తిరగేసిన సందర్భం ఒకటుంది, అది ఇంకా ముఖ్యం. రాత్రి తొమ్మిదిన్నర. చుక్క స్థిరంగా ఉంది, వలయం చిన్నగా ఉంది, గీత తిన్నగా ఒక సందులోకి పోతోంది. ఫోన్‌కు ఏ అనుమానమూ లేదు. మీ కాళ్లు మాత్రం ఆగుతున్నాయి.

ఈ సందేహం మీదే. దీన్ని నమ్మండి. ఫోన్ ఆ సందును ఎంచుకున్నది అది దగ్గర కాబట్టి. వీధి లైట్లు వెలగట్లేదనీ, మూల మీద వైన్స్ ముందు గుంపు ఉందనీ, కుక్కలు కాపు కాస్తున్నాయనీ అది లెక్కలోకి తీసుకోలేదు. ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ‘మ్యాప్ చూపిస్తోంది కదా, భయమెందుకు’ అని పక్కన నడిచే మగవాళ్లకే చెప్పాలి. దగ్గర దారీ, మనసుకు నచ్చే దారీ ఒకటి కానక్కర్లేదని డానియెలె క్వెర్సియా, సహచరులు 2014లో లండన్ వీధుల మీద చేసిన పనిలో తేల్చారు. వేలమందికి రెండేసి ఫొటోలు చూపించి ఏది అందంగా, ఏది ప్రశాంతంగా, ఏది సంతోషంగా ఉందో అడిగి, ఆ జవాబులతో దారులు గీశారు. అన్నిటికంటే దగ్గర దారితో పోలిస్తే ఆ దారులకు అదనంగా పట్టింది కొద్ది నిమిషాలే.

మీకు కావాల్సింది అందమైన దారి కాదు, వెలుతురూ, షాపులూ, జనమూ ఉన్న దారి. మెయిన్ రోడ్డు మీద తెలిసిన ఏ హోటలో, ఆసుపత్రో చూసి రూటు మధ్యలో దాన్ని ఒక స్టాప్‌గా చేర్చండి, గీత దానంతటదే మారుతుంది. ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ పంపి పెట్టండి. ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేయండి. 112 నంబరు వేళ్లకు అందేలా ఉండనివ్వండి. స్టాప్ చేర్చే తీరిక లేకపోతే అదీ వద్దు, వెలుతురున్న రోడ్డు మీదే నడుచుకుంటూ పోండి. ఆ సందు దాటేదాకా ఫోన్ తిరగమని అంటూనే ఉంటుంది. అననివ్వండి.